తన తప్పు తాను చెప్పుకొనుట

మా మనూరిమీదుగా విమానములు పోవుట నేడు పసిపిల్లలకు సైతము వింత గాదు. బీదరులోని వైమానిక శిక్షణకేంద్రము మాకు దూరము గాదు. రాత్రివేళ పెద్దవిమానములు దీపములు మినుకుమనుచుండగా మంజీరమీదుగా సాగిపోవుచుండును. చేనిలోని కాపు ఒక్క నిమిషము తలయెత్తి చూచి మరల తన పనిలో బడును. ఆ యంత్రమును నడపువా రెవరో, నిన్నటి దినమున వారేమి పొరపాటు చేసిరో, దాని నెవరితోనైన జెప్పిరో లేదో యను ప్రశ్న యతనికి దోచదు. నాకును తోచియుండెడిది కాదు. 2019 అక్టోబరు 6వ తేదీన బేగంపేటలోని శిక్షణాలయమునకు జెందిన చిన్న విమాన మొకటి వికారాబాదు జిల్లా బంట్వారము మండలములోని సుల్తాన్‌పూరు పొలములలో గూలి, శిక్షణలో నున్న యిద్దఱు యువజనులు మరణించిరి. బంట్వారము మాకు దక్షిణముగా నొకపూట ప్రయాణము. మఱునాడు పత్రిక చదివి వినిపించుచుండగా మా యింటి పెద్దమ్మ యడిగినది: “ఇట్టి గండము ఇంతకుముందు మఱెవ్వరికిని వచ్చి తప్పిపోయి యుండదా, నాయనా? తప్పినవాడు వచ్చి చెప్పుకొను చోటొకటి యుండదా?”

ఆ ప్రమాదమును గూర్చి తీర్పు చెప్పుట నా పని గాదు. కాని యామె ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము దాని ఫలము.

విమానము కూలినపుడు తెలుపుట యజమాని యిష్టముపై నాధారపడినది కాదు. ప్రమాదమును, తీవ్రమైన సంఘటనమును ప్రభుత్వమునకు దెలిపి తీరవలయునని మన చట్టము శాసించుచున్నది. 1934వ సంవత్సరపు విమానచట్టము పోయి, 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన్ అధినియమము అమలునకు వచ్చిన పిదపను ఆ విధి తొలగలేదు. నేనిచట చర్చింపదలచినది దానిని గాదు. ఏమియు గూలలేదు, ఎవరును మరణింపలేదు, ఎవరును చూడలేదు. చోదకుడు ఎగురవలసిన యెత్తున గాక తక్కువ యెత్తున ఎగిరి, తుదిక్షణమున సవరించుకొనెను. మరమ్మతుపనివాడు ఒక మరను బిగించుట మఱచి, మఱునాడు జ్ఞప్తికి రాగా వచ్చి బిగించెను. యజమాని చేయింపవలసిన తనిఖీకి గడువు దాటెను, పిమ్మట చేయించెను. ఇట్టి సంగతులను వీరు తమంత తాముగా ప్రభుత్వమునకు దెలుపవలయునా? తెలిపినయెడల ప్రభుత్వము వారిని శిక్షింపవచ్చునా? ఈ రెండు ప్రశ్నలును వేఱువేఱుగ గన్పట్టును గాని, రెండవదానికి మన మిచ్చు సమాధానమునుబట్టియే మొదటిదానికి లోకమున సమాధానము దొరకుచున్నది.

పూర్వము నిజాము రాజ్యమున మా గ్రామములందు చెఱువునకు నీరటి యుండెడివాడు. తూము తెఱచుట, మూయుట, కట్టను గనిపెట్టియుండుట వాని పని. మా తాతగా రొక కథ చెప్పెడివారు. ఒకానొక యేట వానకాలమున కట్టక్రింద చెమ్మ గన్పట్టినది. నీరటి చూచెను, చూచియు జెప్పలేదు. ఏలయన, చెప్పినచో పెద్దలు మొదట నడుగు ప్రశ్న “ఎక్కడ?” అని కాదు, “ఇన్నినాళ్లు నీవేమి చేయుచుంటివి?” అని. ఆ ప్రశ్నవెంట తిట్టును, తిట్టువెంట దెబ్బయు వచ్చుట వాని యెఱుకలోనిదే. వాడు రాత్రివేళ తానొక్కడే నాలుగు తట్టల మట్టి మోసికొని వచ్చి చెమ్మపై గప్పెను. నాలుగు దినములకు కట్ట తెగినది. మాగాణియంతయు ఇసుక మేటవేసినది. పెద్దలు కూర్చుండి నీరటిని శిక్షించిరి. న్యాయమే జరిగినదని ఊరందఱును అనుకొనిరి. మా తాతగారు మాత్రము, “అంతకుముందటి యేట వాడు తూము పలక పగిలినదని చెప్పవచ్చినపుడు కొట్టకయుండిన యెడల ఈ యేట చెఱువు నిలిచియుండును” అనెడివారు.

ఈ న్యాయము మన యిండ్లలోను లేకపోలేదు. పాలు పొంగినందులకు కోడలిని సాధించు అత్తగారి యింట పాలు పొంగుట మానదు. పొంగిన సంగతి అత్తగారికి దెలియుట మాత్రము మానును.

విమానముల విషయమున ఈ చిక్కు మఱింత లోతైనది. కూలిన విమానమునకు విచారణసంఘ ముండును. చోదకుల మాటలను, యంత్రముల కదలికలను నమోదు చేసిన పెట్టెలను శిథిలములలోనుండి వెదకి తీయుదురు. నిపుణులు నెలలకొలది కూర్చుందురు. క్షేమముగా దిగిన విమానమునకు అట్టి సంఘము లేదు. ఆ సంఘమున కధ్యక్షుడును, సాక్షియు, ముద్దాయియు నొక్కడే. అతడు సంచి భుజమున వేసికొని యింటికి బోవుచున్న చోదకుడు. నేరారోపణకు గురియైనవానిని తనపై తాను సాక్ష్యము చెప్పుమని నిర్బంధింపరాదని మన రాజ్యాంగపు 20వ అధికరణము చెప్పుచున్నది. ఆ రక్షణ లేకున్నను, చేసినవాడు తప్ప చూచినవాడు లేని పొరపాటును ఏ శాసనము బయటికి లాగగలదు? అది అతని నోటినుండి రావలసినదే. అతనికి నోరు విప్పు కారణమును మనము కల్పింపవలసినదే.

ఇందుకు లోకము ఎట్టి వెల చెల్లించి నేర్చుకొన్నదో తెలుపు చరిత్ర యొకటి కలదు. 1974 డిసెంబరు 1వ తేదీన అమెరికాలో ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514వ సంఖ్య విమానము వాషింగ్టను చెంతనున్న డల్లెస్ విమానాశ్రయమున దిగబోవుచు, మబ్బులలో వర్జీనియా రాష్ట్రపు మౌంట్ వెదర్ అను కొండను దాకెను. అందలి 92 మందియు మరణించిరి. విమానాశ్రయమునకు జేరుట కనుమతి యొసగినామని నేలపైనున్న యధికారి చెప్పగా, ఇక క్రిందియెత్తునకు దిగవచ్చునని చోదకులు గ్రహించిరి. అధికారి యుద్దేశము అది కాదు. ఒక్క మాటకు రెండర్థములు. నడుమ నొక కొండ.

పిమ్మట తేలిన సంగతి యిది. సుమారు ఆఱు వారములకు ముందు యునైటెడ్ సంస్థవారి విమాన మొకటి అదే ఆశ్రయమున దిగబోవుచు, అదే మాటను అట్లే యర్థము చేసికొని, అదే కొండను కొద్దిలో దప్పించుకొని బయటపడినది. ఆ చోదకులు దాచలేదు. తమ సంస్థకు నివేదించిరి. సంస్థ తన చోదకుల నందఱను హెచ్చరించెను. ఆ హెచ్చరిక సంస్థ గోడ దాటి యవతలికి బోలేదు. చెప్పినవారున్నారు, విన్నవారున్నారు, వినవలసినవారి చెవికి మాత్రము చేరలేదు. ఆ 92 మంది ప్రాణములు ఒక కాగితము ప్రక్కయింటికి బోకుండుటచేత బోయినవని నేనన్నచో అతిశయోక్తి యగునేమో గాని, అసత్యము గాదు.

ఆ పిమ్మట 1975లో అచటి విమానయానశాఖ, చోదకులారా, మీ పొరపాటులను మాకు వ్రాయుడు, మేము శిక్షింపము అని ప్రకటించినది. చోదకులు నమ్మలేదు. ఎట్లు నమ్ముదురు? లైసెన్సు నిచ్చునదియు నాశాఖయే, తీసివేయునదియు నాశాఖయే. కొరడా చేతబట్టుకొని, “భయపడకుము, చెప్పుము” అనువానితో ఎవడు చెప్పును? ఆ శాఖవారి బుద్ధిమంతతకు మెచ్చుకొనవలసినది ఇచటనే: తమ మాటను జనులు నమ్మరని వారు గ్రహించి, 1976లో ఆ యుత్తరములను స్వీకరించు పనిని శిక్షించు నధికార మేమియు లేని నాసా సంస్థ కప్పగించిరి. ఖర్చు శాఖది, చెవి నాసాది.

ఆ పద్ధతిలోని యొక చిన్న విషయము నా కెంతయు నచ్చినది. నివేదిక వ్రాయు కాగితము తలభాగమున ఒక పట్టీ యుండును. వ్రాయువాని పేరును, చిరునామాయును దానిమీదనే వ్రాయవలయును. నాసావారు నివేదికను జదివి, సందేహములున్నచో అతని నడిగి తీర్చుకొని, ఆ పట్టీని కత్తిరించి, తేది ముద్ర వేసి, వ్రాసినవానికే మరల బంపివేయుదురు. తమ యొద్ద దాని ప్రతి నుంచుకొనరు. పిమ్మట ఎవరు వచ్చి యడిగినను చెప్పుటకు వారియొద్ద పేరే లేదు. మిగిలినది సంగతి మాత్రమే. ఆ సంగతులలో నుపయోగకరములైనవానిని 1979 మొదలు ఒక చిన్న మాసపత్రికగా వెలువరించుచున్నారు. చోదకులు ఒకరి పొరపాటుల నొకరు చదివికొని, “ఇది నాకును జరిగినదే” యని తలయూపుచుందురట.

గాంధీగారు బాల్యమున దొంగతనము చేసి, ఆ తప్పును కాగితముమీద వ్రాసి, తగిన శిక్ష విధింపుమని తండ్రిగారి చేతికిచ్చిన సంగతి చదువరు లెఱుగుదురు. రోగశయ్యమీదనున్న యా తండ్రి చదివి, కన్నీరు కార్చి, కాగితమును చించివేసెను. ఒక్క మాటయు నాడలేదు. ఆ చినిగిన కాగితమును, ఈ కత్తిరించిన పట్టీని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తండ్రి కాగితము నంతటిని చించెను. కుమారుని హృదయము మాఱవలయుననియే యాయన కోరిక గనుక అది తగియే యున్నది. నాసావారు పేరును మాత్రమే కత్తిరింతురు. వారి కా చోదకుని హృదయముతో బని లేదు. ఆ పొరపాటు మఱియొకని విమానమున జరుగకుండుటయే వారికి గావలసినది.

మన ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తములలో ఖ్యాపనమును, అనగా చేసిన పాపమును బయటికి జెప్పుకొనుటను, ఒకటిగా నెంచినవి. ఉపవాసములతోడను దానములతోడను అదియు నొకటి. కాని శాస్త్రకారుల దృష్టి పాపము చేసినవానిమీదనే నిలిచినది: వాని పాప మెట్లు తొలగును? వాడెట్లు పరిశుద్ధుడగును? ఈ నూతనమైన ఖ్యాపనము అట్టిది గాదు. ఇందు చెప్పువాని పరిశుద్ధి యనుషంగికము. వినువాని క్షేమము ప్రధానము. చెప్పువాడు పశ్చాత్తాపపడకపోయినను, కేవలము తన లైసెన్సు కాపాడుకొనుటకే చెప్పినను, ఆ మాట విలువ తగ్గదు. ఇది తక్కువరకపు ధర్మమని కొంద ఱనవచ్చును. విమానములో గూర్చున్న తల్లిని, బిడ్డను దలచుకొన్నచో నాకట్లు దోచదు.

కాని యిచట నొక చిక్కుముడి కలదు. దానిని విప్పకుండ దాటిపోవుట న్యాయము గాదు.

పైన జెప్పిన పద్ధతిలో నివేదించినవానికి శిక్ష తప్పవలయుననిన కొన్ని నిబంధనలున్నవి. పొరపాటు జరిగిన పది దినములలో వ్రాయవలయును. అది బుద్ధిపూర్వకముగా జేసినది కారాదు. నేరము కారాదు. ప్రమాదము జరిగియుండరాదు. వెనుకటి ఐదేండ్లలో మఱియొక యుల్లంఘనము రుజువై యుండరాదు. క్షమ యజాగ్రత్తను బెంచునను వారికి ఈ నిబంధనలే చాలిన సమాధానము. వాని నన్నిటిని నేనొప్పుకొందును. కాని “ప్రమాదము జరిగియుండరాదు” అనుమాటయొద్ద మనస్సు ఆగిపోవుచున్నది. ఆ కొండయొద్దకు మరల పోవుదము. ఇద్దఱు చోదకులు, ఒకే మాట, ఒకే పొరపాటు. ఒకని విమానము మబ్బులలోనుండి బయటపడెను; రెండవవానిది పడలేదు. మొదటివాడు చెప్పుకొని క్షమింపబడును. రెండవవాడు బ్రదికియుండినయెడల న్యాయస్థానమున నిలుచును. వారి నడవడిలో భేదమేమి? అదృష్టము తప్ప మఱేమియు లేదు. అదృష్టము తప్పునకు కొలతబద్ద యగునా? మృతుని తల్లి వచ్చి, “నా కొడుకును జంపినవాని తప్పును, మీరు క్షమించి పంపినవాని తప్పును తూచి చూపుడు” అనినచో ఏమి చెప్పుదుము?

నేను చాలదినములు దీనిని గూర్చి యాలోచించితిని. తప్పులు సమానమే యని యొప్పుకొనక తప్పదు. క్షమింపబడినవాడు క్షమకు అర్హుడై క్షమింపబడుట లేదు. దానిని బహుమానముగా నెంచుటయే మన పొరపాటు. బ్రదికివచ్చినవానియొద్ద ఒక వస్తువున్నది. చనిపోయినవానియొద్ద అది యుండి యతనితోనే పోయినది. ఆ వస్తువు ఆ పొరపాటు లోపలినుండి ఎట్లు కన్పట్టునో యను జ్ఞానము. అతడు దానిని సంపాదింపలేదు. గాలి యొకవైపు వీచుటచేత అతనికి జిక్కినది. సంపాదింపని సొమ్ము సొంతమగునా? మనవారు దేవఋణమని, ఋషిఋణమని, పితృఋణమని లెక్కించిరి. ఇదియు నట్టి యొక ఋణమే యని నాకు దోచుచున్నది. తన తరువాత అదే దారిని రానున్న యపరిచితునకు అతడు బాకీ పడినాడు. క్షమ యనునది ఆ బాకీ తీర్చుటకు మన మిచ్చు దారిబత్తెము. మృతుని తల్లికి నేను చెప్పగలిగిన దింతే: అమ్మా, నీ కొడుకు విషయమున మేము చేయగలిగినది శూన్యము; ఇంకొక తల్లి కొడుకు విషయమున మాత్రము ఆ చోదకుని నోరు మాకు గావలయును. ఈ సమాధాన మామెకు దృప్తి గలిగించునని నేననుకొనను.

ఇంతవఱకు జెప్పినది చోదకుని మాట. యజమాని మాట వేఱు. ఇద్దఱను ఒక్క గాటికి గట్టుటలోనే పెక్కు తప్పులు పుట్టుచున్నవి. చోదకుని పొరపాటు ఒక క్షణమునకు సంబంధించినది. యజమాని పొరపాటు ఖాతాపుస్తకమునకు సంబంధించినది. చోదకుడు పొరబడినచో మొట్టమొదట చచ్చువాడు తానే. యజమాని తనిఖీని వాయిదా వేసినచో నాటికి లాభము తనది, రేపటికి చావు పరులది. కావున యజమాని తనంత తాను వచ్చి చెప్పుకొనునపుడు, వాడు చెప్పినమాటను మాత్రమే కాక, చెప్పిన పిదప వాడు చేసిన పనిని గూడ చూడవలయును.

అమెరికాలో యజమానులకును ఇట్టి వెసులుబాటు కలదు. తప్పు కన్పట్టిన వెంటనే దానిని నిలిపివేసి, ప్రభుత్వమునకు దెలిపి, సవరించుకొన్నచో జరిమానా యుండదు. 2007 మార్చిలో సౌత్‌వెస్ట్ విమానసంస్థవారు ఈ పద్ధతి ప్రకారమే వచ్చి, తమ బోయింగు 737 విమానములలో 46 టికి పై రేకునందు పగుళ్లకై చేయింపవలసిన తనిఖీ చేయింపలేదని చెప్పిరి. ఆ తనిఖీ లేకయే యవి అంతకుముందు 59,000కు పైగా ప్రయాణములు చేసియుండెను. చెప్పిన పిమ్మట తనిఖీ జరుగునంతవఱకు వానిని నేలపై నిలుపవలసియుండగా, మఱికొన్ని దినములు ఎగురనిచ్చిరి; 1,400కు మించిన ప్రయాణములు. పిమ్మట తనిఖీ చేయగా కొన్నిటిలో పగుళ్లును గన్పట్టెను. వీరిపై కన్నుంచవలసిన యధికారి దీని నంగీకరించి యూరకుండెను. ఆ శాఖలోనే పనిచేయుచున్న ఇద్దఱు తనిఖీదారులు ధైర్యము వహించి బయటపెట్టగా, 2008 ఏప్రిలులో అచటి ప్రతినిధిసభవారి సంఘము బహిరంగ విచారణ జరిపెను. ప్రభుత్వము ఒక కోటి రెండు లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించి, 2009లో 75 లక్షలకు రాజీ పడినది.

దీనిని ఒప్పుకోలు అందుమా? దొంగ వచ్చి, “అయ్యా, మీ యింట దొంగిలించుచున్నాను” అని మర్యాదగా దెలిపి మరల లోనికి బోయినట్లున్నది. ఇచట ముందు చెప్పిన నీతి తలక్రిందయినది. చోదకుని విషయమున వినువాడు కఠినుడగుటవలన సత్యము దాగినది. యజమాని విషయమున వినువాడు చుట్టమగుటవలన సత్యము బయటికి వచ్చియు వ్యర్థమైనది. స్వచ్ఛందముగా జెప్పుకొనుట యంతయు మంచిదని పొగడువారును, అంతయు మోసమని తెగడువారును ఈ రెంటిలో నొక్కదానినే చూచినవారు.

మన తెలుగువారికి యజమాని ప్రశ్న మఱియొక రూపమున దెలిసినది. 2002 మార్చి 3వ తేదీన లోక్‌సభాపతి జి.ఎం.సి. బాలయోగిగారు నాటి కృష్ణా జిల్లా కైకలూరు చెంత హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు రాష్ట్రప్రభుత్వమునకే చెందిన బెల్ 430 హెలికాప్టరులో బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరి, నల్లమల యడవులలో మఱి నలుగురితో గూడ ప్రాణములు గోల్పోయిరి. మఱునాటి వఱకు జాడయే తెలియలేదు. విచారణసంఘమువారు నాటి చెడు వాతావరణమును, యంత్రమునందలి నూనె యొత్తిడిని గూర్చిన హెచ్చరిక కన్పట్టగా సిబ్బంది చేపుస్తకము వెదకుటలో గడపిన నిమిషములను, తుదకు హెలికాప్టరును క్రిందికి ద్రోసిన తీవ్రమైన గాలిని పేర్కొనిరి. ఆ దినమును గూర్చి నేను దానికి మించి యేమియు జెప్పను. నా యాలోచన యంతయు, పెద్దవారిని ఎక్కించుకొని మబ్బులలో దూరి క్షేమముగా దిగిన యితర దినములను గూర్చి. మంత్రి సభకు వేళయైనది, జనులు వేచియున్నారు, పూలమాలలు వాడుచున్నవి. అట్టివేళ “నేడు వలదు” అనుట చోదకున కెంత కష్టమో యూహించుట సులభము. దిగిన పిమ్మట, “నేడు నేను ఎగురరాని మబ్బులో ఎగిరితిని” అని తెల్లకాగితముమీద వ్రాయుట ఇంకను కష్టము. ఒక ప్రభుత్వము యజమాని, మఱియొక ప్రభుత్వము శాసకుడు. నడుమ జీతగాడైన చోదకు డొంటరి. పల్లకి మోయువాడు దారి బాగులేదని చెప్పిన, లోపల గూర్చున్నవారు పరదా తొలగించి వినుట మన చరిత్రలో నరుదు.

మన దేశమున ఏమియు జరుగలేదనరాదు. 2012లో ప్రమాదములను విచారించు పని పౌరవిమానయాన డైరెక్టరేటు జనరలువారి చేతినుండి తప్పించి ప్రత్యేక సంస్థ కప్పగించిరి. నియమములు చేసినవారే తమ నియమముల లోపమును విచారించుట తగదను సంగతి యప్పుడు మనవారు గుర్తించిరి. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు 2013లో అమలునకు దెచ్చిన 19వ అనుబంధము ప్రతి దేశమునను స్వచ్ఛంద నివేదన పద్ధతి యుండవలయునని చెప్పుచున్నది. మనకును అట్టిది కలదు. కాని ఆ నివేదికలు చేరునది డైరెక్టరేటు జనరలువారికే. లైసెన్సు నిచ్చువారును, రద్దు చేయువారును వారే. పేరు బయటపెట్టమని వారు చెప్పుచున్నారు. ఆ మాట నిజమే యని నేను నమ్ముదును. కాని నేను చోదకుడను గాను. కూలినవానిని విచారించుటకు వేఱు సంస్థ యవసరమని తెలిసికొన్నవారము, కూలక మిగిలినవానిని వినుటకు వేఱు చెవి యవసరమని యేల తెలిసికొనరాదు? ఏ విశ్వవిద్యాలయమునకో, ఏ శాస్త్రపరిశోధన సంస్థకో ఆ పని యప్పగించి, పట్టీ కత్తిరించు కత్తెర యొకటి కొనియిచ్చిన జాలును. పెద్ద ఖర్చేమియు గాదు.

చివరకు, శిక్షాభయ మేమియు లేకున్నను మనుష్యుడు నోరు మూసికొనుట యున్నదే, అది నన్ను అన్నిటికంటె నెక్కువగా బాధించుచున్నది. 1988 ఏప్రిల్ 28వ తేదీన హవాయి దీవులలో అలోహా సంస్థవారి బోయింగు 737 విమానమునకు ఆకాశమధ్యమున పైకప్పులో పెద్దభాగ మూడిపోయినది. నిలుచుండియున్న పరిచారిక యొకతె గాలికి గొట్టుకొనిపోయి మరణించెను. తక్కిన 94 మందితో చోదకులు దానిని మావీ దీవిలో దింపిరి. ఆ విమానము అప్పటికి 89,000కు పైమాటు ఎగిరి దిగినది. ఎక్కునపుడే ద్వారము చెంత పగులు చూచిన ప్రయాణికురా లొకతె యున్నదని పిమ్మట విచారణలో దేలినది. ఆమె చోదకురాలు గాదు, యజమానురాలు గాదు. ఆమె లైసెన్సు నెవరును తీసికొనువారు లేరు. ఐనను చెప్పలేదు.

ఆమెను నిందింపనెంచి కలము చేతబట్టిననాడు నాకు నా సంగతియే జ్ఞప్తికి వచ్చినది. మంజీర దాటుటకు పుట్టియే శరణ్యమైన దినములవి. వెదురుతో నల్లి, పైన తారుపూసిన గుడ్డ కప్పిన గుండ్రని బుట్ట. ఒక పెండ్లికి బోవుచుంటిని. పుట్టివాడు ఐదుగురే యనెను. నేను ముహూర్తము మించిపోవునని బ్రతిమాలి ఆఱవవాడనై యెక్కితిని. నడియేట పాదముక్రింద నీరు తగిలినది. చూడగా అడుగుగుడ్డ కుట్టు విడి జానెడు చీలిక. నా చెప్పును దానిమీద నుంచి అదిమిపట్టి కదలక కూర్చుంటిని. ఒడ్డు చేరితిమి. కూలి యిచ్చి దిగి, వెనుదిరిగి చూడక నడచిపోయితిని. చెప్పినచో “ఆఱవవాడవై నీవెక్కుటచేతనే చినిగినది” అనునని నా సంకోచము. అవతలి గట్టున పిల్లలను ఎత్తుకొని ఆడువారు కొందఱు పుట్టికై వేచియుండిరి. వారి ప్రక్కనుండియే పోయితిని. మఱునాడు తిరిగి వచ్చునపుడు నేను పుట్టి యెక్కలేదు. పన్నెండు మైళ్లు చుట్టుదారిన బండిమీద వచ్చితిని.

ఇది నేనింతవఱకు ఇంటిలోవారితో సైతము చెప్పినది గాదు. పది దినముల గడువు దాటి నలువదియేండ్లైనది.